సైకిల్‌ని రైలెక్కించి, రద్దీ సిటీలో తొక్కుకుంటూ వెళ్ళడం ఎలా?

నేను మొదటిసారి సైకిల్‌తో రైలెక్కినప్పుడు తలుపు దగ్గరే ఇరుక్కుపోయా. హ్యాండిల్ ఒక పక్క తలుపుకి తగులుకుంది, పెడల్ ఇంకో పక్క నా పిక్కలో గుచ్చుకుంది, వెనకాల ఎక్కాల్సినవాళ్ళు పదిమంది దాకా గొణుగుతున్నారు, చివరికి ఎవరో ఒకాయన వెనక చక్రం పట్టుకుని లోపలికి తోసేస్తే ఇద్దరం వెళ్ళి అవతలి గోడకి కొట్టుకున్నాం, నేనూ నా సైకిలూ. దిగాక సిటీ రోడ్డు మీద ఇంకో రకం భయం. బస్సులకి అడ్డం రాకూడదని రోడ్డు అంచున కాలవ పక్కనే పోతుంటే ఒక కారు తలుపు ధడేల్మని నా ముందు తెరుచుకుంది. అదృష్టం బాగుండి బ్రేకు పడింది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నా.

ఆ రోజు తర్వాత నాకర్థమైంది ఒక్కటే. రైల్లో సైకిల్ ఎంత తక్కువ చోటు తీసుకుంటే అంత మంచిది, రోడ్డు మీద మాత్రం దానికి పూర్తిగా ఉల్టా, మీకు కావాల్సినంత చోటు మీరు తీసుకోవాల్సిందే. కొత్తవాళ్ళు చాలామంది ఈ రెండూ తారుమారు చేస్తారు, నాలాగే.

1. ముందు రైలు రూల్ కనుక్కోండి

సైకిల్ రూల్ ఒక్కో దేశంలో ఒక్కో రకం, ఒకే దేశంలో కూడా ఒక్కో రైలుకి ఒక్కో రకం. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఎస్-రైళ్ళలో, అంటే అక్కడి లోకల్ రైళ్ళలో, 2010 నుంచి సైకిల్‌కి టికెట్టే లేదు, తోసుకుంటూ ఎక్కెయ్యడమే. నెదర్లాండ్స్‌లో చూస్తే సైకిళ్ళ దేశం కదా అనుకుంటాం గానీ, అక్కడ మామూలు సైకిల్‌కి విడిగా టికెట్ కొనాలి, పైగా సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఎక్కనివ్వరు. అదే మడత సైకిల్ మడిచి పట్టుకెళ్తే మాత్రం ఎప్పుడైనా ఫ్రీ. జపాన్‌లో మడతదైనా మామూలుదైనా సంచిలో పూర్తిగా మూసి ఉండాలి, దీన్ని వాళ్ళు రింకో అంటారు, సంచి పొడవు వెడల్పు ఎత్తు కలిపి 250 సెంటీమీటర్లు, బరువు 30 కిలోలు దాటకూడదు. జర్మనీలో దూరం వెళ్ళే ఐసీఈ రైళ్ళకైతే సైకిల్ చోటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, మీకు సీటు ఉన్నా సైకిల్‌కి చోటు లేకపోతే ప్లాట్‌ఫాం మీదే ఆగిపోతారు.

కాబట్టి టికెట్ కొనేముందు నాలుగు ప్రశ్నలకి జవాబు తెలుసుకోండి. సైకిల్‌ని మీతోపాటు బోగీలోకి తీసుకెళ్ళొచ్చా లేక లగేజీ వ్యాన్‌లో బుక్ చెయ్యాలా? ఏ టైములో వద్దంటారు? సైకిల్‌కి వేరే టికెట్ కావాలా? మధ్యలో రైలు మారాల్సి వస్తే రెండో రైల్లో కూడా ఇదే రూలా? ఈ నాలుగోది అందరూ మర్చిపోతారు, సగం దూరం వెళ్ళాక ఇరుక్కుంటారు.

యూరోపియన్ యూనియన్ 2021లో చేసిన రైలు ప్రయాణికుల హక్కుల నియమాల్లో కొత్తగా కొనే రైళ్ళలో కనీసం 4 సైకిళ్ళకి చోటుండాలని పెట్టారు. మంచిదే గానీ నాలుగంటే నాలుగే, ఐదోవాళ్ళు మీరైతే లాభం లేదు, అందుకే సెలవురోజుల్లో బుకింగ్ తొందరగా చేసుకోవాలి.

బ్యాటరీ సైకిలైతే ఇంకోసారి చూసుకోండి. లిథియం బ్యాటరీలు అంటుకున్న సంఘటనల తర్వాత కొన్నిచోట్ల రూల్స్ బిగించారు. లండన్‌లో 2025 మార్చి చివరి నుంచి మెట్రోలో మడవని బ్యాటరీ సైకిళ్ళు ఎక్కనివ్వట్లేదు.

2. ఇంటి దగ్గరే సైకిల్‌ని సన్నం చెయ్యండి

సైకిల్‌లో అడ్డమొచ్చేవి రెండే, హ్యాండిలూ పెడళ్ళూ. మిగతాదంతా పలచటి వస్తువే. ఈ రెండిటి సంగతి చూస్తే సగం పని అయిపోయినట్టే.

పెడళ్ళు విప్పడానికి ఎక్కువ సైకిళ్ళకి 15 నంబర్ పానా సరిపోతుంది, కొన్నిటికి అలెన్ కీ కావాలి. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది, ఇది తెలీక మొదట్లో నేను విప్పుతున్నాననుకుని ఇంకా గట్టిగా బిగించేశా. ఏ పెడల్ ఎటు తిప్పాలో గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే ఇలా చెయ్యండి: పానాని నిలువుగా పైకి ఉండేలా తగిలించి, వెనక చక్రం వైపు లాగండి. రెండు పెడళ్ళూ అలాగే వదులవుతాయి. బిగించేటప్పుడు ముందు చక్రం వైపు. రోజూ ప్రయాణం చేసేవాళ్ళు మడిచే పెడళ్ళు వేయించుకుంటే ఈ గొడవే ఉండదు.

హ్యాండిల్‌ని ఫ్రేముకి సమాంతరంగా తిప్పాలంటే దాన్ని ఫ్రేముకి కలిపే కాండం (స్టెమ్) దగ్గర బోల్టులు వదులు చెయ్యాలి. పాత రకం సైకిళ్ళకి పైన ఒకే బోల్టు ఉంటుంది, కొత్తవాటికి పక్కన రెండుంటాయి. ఈ కొత్తవాటిలో పక్క బోల్టులు రెండే వదులు చెయ్యండి, పైమూత మీద ఉన్న చిన్న బోల్టు జోలికి వెళ్ళకండి, అది బేరింగ్ టైట్ కోసం. బిగించేటప్పుడు ముందు చక్రాన్ని రెండు కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని హ్యాండిల్ నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి, కొంచెం వంకరున్నా మైలు దూరం తొక్కేసరికి చిరాకొస్తుంది.

సంచిలో పెట్టాల్సి వస్తే చక్రాలు కూడా తియ్యాలి. వెనక చక్రం తీసేముందు గేరు అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదకి వేస్తే చైను వదులుగా ఉండి ఈజీగా వస్తుంది. డిస్క్ బ్రేకులు, అందులోనూ ఆయిల్‌తో పనిచేసేవైతే చక్రం బయట ఉన్నప్పుడు పొరపాటున కూడా బ్రేకు నొక్కకండి, ప్యాడ్లు రెండూ అతుక్కుపోతాయి, తర్వాత చక్రం దూరదు. ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క మడిచి పెట్టేస్తే భయం లేదు. పడుకోబెట్టేటప్పుడు చైను ఉన్న కుడిపక్క పైకి ఉండాలి. టైర్లలో గాలి తీసెయ్యాలా అని కొందరు అడుగుతారు, రైలుకి అక్కర్లేదు, అనవసరంగా తీసి స్టేషన్ బయట పంపు కొట్టుకుంటూ నిలబడతారు ఎందుకు చెప్పండి.

చైనుకి నూనె ముందురోజే వేసి పొడిగుడ్డతో బాగా తుడిచెయ్యండి. బయలుదేరే ముందు నూనె పోసి తీసుకెళ్తే అది పక్కనాయన ప్యాంటుకి అంటుకుంటుంది, ఆ తర్వాత ప్రయాణం ఎలా సాగుతుందో చెప్పక్కర్లేదు. ఒక పాత గుడ్డ చైను చుట్టూ కట్టినా చాలు.

లగేజీ వ్యాన్‌లో పంపే పద్ధతైతే పని వేరే. లైటు, పంపు, నీళ్ళ సీసా, మీటరు, ఊడొచ్చేవన్నీ తీసి మీ బ్యాగులో వేసుకోండి. దిగే స్టేషన్ పేరు, మీ ఫోన్ నంబరు రాసిన అట్ట ఒకటి ఫ్రేముకి, ఇంకోటి హ్యాండిల్‌కి కట్టండి, ఒకటి చిరిగినా ఇంకోటి ఉంటుంది. ఫ్రేము అడుగున, పెడళ్ళ ఇరుసు దగ్గర ఒక నంబరు కొట్టి ఉంటుంది, దాన్నీ సైకిల్ మొత్తాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. మీరెక్కిన రైల్లోనే సైకిల్ వస్తుందా, వెనకాల రైల్లోనా అని కౌంటర్ దగ్గర నోరు తెరిచి అడగాలి, అడక్కపోతే వాళ్ళు చెప్పరు.

3. ప్లాట్‌ఫాం మీద

రైలు టైముకి అరగంట ముందుండండి, ఒంటరిగా వెళ్ళేటప్పటిలా ఐదు నిమిషాల ముందు పరిగెత్తుకుంటూ రావడం సైకిల్‌తో కుదరదు. లిఫ్టు ఉంటే లిఫ్టు, లేకపోతే మెట్లు, ఎస్కలేటర్ మాత్రం వద్దు. వెనకాల మనిషి ఉన్నప్పుడు చెయ్యి జారితే ఏమవుతుందో ఊహించుకోండి. కొన్ని స్టేషన్లలో మెట్ల పక్కనే సైకిల్ చక్రం పట్టేంత సన్నటి గాడి ఉంటుంది, ఎక్కేటప్పుడు తోసెయ్యొచ్చు, దిగేటప్పుడు వెనక బ్రేకు కొంచెం కొంచెం పట్టుకుంటూ దింపాలి, లేకపోతే సైకిలే మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది.

సైకిల్ బొమ్మ ఉన్న బోగీ ఎక్కడ ఆగుతుందో బోర్డు మీద చూపిస్తారు కొన్నిచోట్ల. చూపించకపోతే ప్లాట్‌ఫాం మధ్యలో నిలబడండి, ముందుకైనా వెనక్కైనా సగం దూరమే. రైలు ఆగాక దిగేవాళ్ళందర్నీ దిగనివ్వండి, ఎక్కేవాళ్ళని కూడా ఎక్కనిచ్చి ఆఖర్న మీరెక్కండి. సైకిల్ పక్కన కాకుండా వెనకాల నిలబడి, ముందు చక్రం ఎత్తి లోపల పెట్టి, తర్వాత సీటు కింద పట్టుకుని వెనక చక్రం లేపాలి. రైలుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య ఉన్న సందులో చక్రం పడితే రిమ్ము వంకరపోతుంది, అందుకే దొర్లించకుండా ఎత్తి పెట్టడమే నయం. బ్యాగులు క్యారియర్ మీద ఉంటే ముందే దించి భుజానికి తగిలించుకోండి.

4. బోగీలో

రైలు కదిలాక సైకిల్ రెండు పనులు చేస్తుంది, దొర్లుతుంది లేదా పడుతుంది. దొర్లకుండా ఉండడానికి ఒక చిట్కా ఉంది, పాత ట్యూబు నుంచి వేలెడు వెడల్పున ఒక రింగు కోసి ఉంచుకోండి, బ్రేకు నొక్కి ఆ రింగు హ్యాండిల్ పిడికీ బ్రేకు కొమ్మకీ కలిపి తగిలించేస్తే చక్రం బిగిసిపోతుంది, హ్యాండ్‌బ్రేకు వేసినట్టే. పడకుండా ఉండడానికి ఒక తాడో పట్టీయో వేసి కడ్డీకి కట్టండి. సైడు స్టాండు మీద నమ్మకం పెట్టుకోవద్దు, మొదటి మలుపుకే పడుతుంది, నాది పడింది కూడా, ఒక పెద్దావిడ కాలి మీద.

ఇద్దరు ముగ్గురివి ఉన్నప్పుడు ఎవరు ఎక్కడ దిగుతారో ముందే అడగండి, ఆఖర్న దిగేవాళ్ళ సైకిల్ లోపలికి, ముందు దిగేవాళ్ళది బయటికి. ఎమర్జెన్సీ తలుపు, వీల్‌చైర్ చోటు, టాయిలెట్ దారి, ఈ మూడింటికీ అడ్డం పెట్టకూడదు, వీల్‌చైర్ వచ్చిందంటే మీరు లేచి సైకిల్ తియ్యాల్సిందే, మీకు టికెట్ ఉన్నా సరే. మీ స్టేషన్‌కి ముందు స్టేషన్ దాటగానే తాడు విప్పి తలుపు దగ్గరికి రండి.

5. స్టేషన్ బయట వెంటనే ఎక్కకండి

ఇది నేను గట్టిగా చెప్పే మాట. సిటీ మొత్తంలో సైకిల్‌కి చిరాకైన చోటు స్టేషన్ గుమ్మమే, టాక్సీలు వెనక్కొస్తుంటాయి, బస్సులు తిరుగుతుంటాయి, జనం ఫోన్ చూస్తూ నడుస్తుంటారు, మీకేమో దారి తెలీదు. తోసుకుంటూ ఒక వంద మీటర్లు వెళ్ళి ఖాళీగా ఉన్న పక్కన ఆగండి. హ్యాండిల్ బిగించారా, రెండు పెడళ్ళూ పూర్తిగా మర పట్టాయా, ముందు చక్రం లాక్ పడిందా చూడండి. ముందు చక్రాన్ని పైకి లేపి నేల మీద ఒకసారి కొట్టండి, ఏదన్నా వదులుంటే గలగలమని అదే చెప్తుంది. రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి ముందుకి తోసి చూడండి. ఫోన్‌లో దారి చూసుకుని మొదటి మూడు మలుపులు బుర్రలో పెట్టుకోండి, ఆ తర్వాతవి ఇంకోచోట ఆగి చూసుకోవచ్చు.

దారి ఎంచుకునేటప్పుడు దూరం కాదు చూడాల్సింది, పెద్ద జంక్షన్లు ఎన్ని అన్నది. సిటీలో మామూలుగా గంటకి 15 కిలోమీటర్లు తొక్కుతాం, అంటే ఒక కిలోమీటరు ఎక్కువైతే పోయేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలకి వెనక సందుల్లోంచి ప్రశాంతంగా పోవచ్చంటే నేనైతే కళ్ళు మూసుకుని సందులే తీసుకుంటా.

6. రోడ్డు మీద మీ చోటు మీది

అంచుకి అతుక్కుపోకండి. అక్కడ చెత్త, గాజుముక్కలు, కాలవ జాలీలు, పగుళ్ళు అన్నీ ఉంటాయి, పైగా మీరు అంచున ఉంటే వెనకాల కారువాడికి పక్కనుంచి దూరిపోవచ్చనిపిస్తుంది, సందు లేకపోయినా. బ్రిటన్‌లో 2022 జనవరిలో మార్చిన హైవే కోడ్‌లో, అంటే అక్కడి రోడ్డు నియమాల పుస్తకంలో, సైకిల్‌వాళ్ళు అంచు నుంచి కనీసం అరమీటరు దూరం ఉండాలని, ఇరుకు రోడ్లలో, జంక్షన్ దగ్గర లేన్ మధ్యలో తొక్కమని రాశారు. దాటేసే బండి కూడా 30 మైళ్ళ స్పీడు దాకా కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఇవ్వాలని అందులోనే ఉంది. జర్మనీలో 2020 నుంచి ఊళ్ళో ఒకటిన్నర, ఊరి బయట 2 మీటర్లు. ఇవన్నీ కాగితం మీద రూల్సే, రోడ్డు మీద అందరూ పాటిస్తారని కాదు, కానీ మీరు లేన్ మధ్యకి వస్తే వెనకాలవాడు ఆగి, చూసి, పక్క లేన్‌లోకి వెళ్ళి దాటాల్సి వస్తుంది. హారన్ కొడతారు, కొట్టనివ్వండి. హారన్ కొట్టాడంటే మిమ్మల్ని చూశాడనే కదా.

ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఒక తలుపు వెడల్పు దూరం, అంటే కనీసం ఒక మీటరు వదిలెయ్యండి. కార్ల మధ్య ఖాళీ వచ్చిన ప్రతిసారీ లోపలికి దూరి మళ్ళీ బయటికి రావడం చెయ్యకండి, తిన్నగా ఒకే గీత మీద పోండి. మీరు ఎటు పోతారో వెనకాలవాళ్ళకి ముందే అర్థమవ్వాలి, సిటీలో సైకిల్‌కి అంతకన్నా పెద్ద రక్షణ లేదు. మీరే కారులోంచి దిగేటప్పుడు తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తెరవండి, అప్పుడు ఒళ్ళు దానంతటదే తిరిగి వెనక చూస్తారు, డచ్ పద్ధతి, అంటే నెదర్లాండ్స్‌వాళ్ళ పద్ధతి అని దీనికి పేరు.

లారీలు, బస్సులు. ఇక్కడ ధైర్యం పనికిరాదు. సిగ్నల్ దగ్గర ఆగిన లారీకీ రోడ్డు అంచుకీ మధ్య ఖాళీ ఉంది కదా అని ఎప్పుడూ దూరకండి. డ్రైవర్ క్యాబిన్ ఎత్తులో ఉంటుంది, బండి పక్కన, ముక్కు కింద చాలా భాగం అతనికి కనపడదు, అదే వైపు మలుపు తిప్పితే వెనక చక్రాలు ముందు చక్రాలకన్నా లోపలికి కోసుకుంటూ వస్తాయి, మీరున్న చోటు మాయమైపోతుంది. లారీ వెనకాలే ఆగండి, లేదా బాగా ముందుకెళ్ళి డ్రైవర్ మొహం మీకు కనపడేంత దూరంలో నిలబడండి. అతని మొహం మీకు కనపడకపోతే మీరూ అతనికి కనపడనట్టే లెక్క.

ఎదుటి ట్రాఫిక్‌ని దాటి తిరగాల్సిన పెద్ద మలుపు భయంగా ఉంటే రెండు విడతల్లో తిరగండి. డెన్మార్క్‌లో సైకిల్‌వాళ్ళు చట్టప్రకారమే ఇలా చెయ్యాలి: జంక్షన్‌ని నేరుగా దాటి అవతలి మూల దగ్గర ఆగడం, సైకిల్‌ని తిప్పుకుని ఆ రోడ్డు సిగ్నల్ పచ్చ పడ్డాక మళ్ళీ నేరుగా దాటడం. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, మధ్యలో రెండు బస్సుల నడుమ చెయ్యి చాపుకుని నిలబడే బాధ తప్పుతుంది. అదీ వద్దంటే దిగి నడిచి దాటండి, సిగ్గేముంది.

ట్రామ్ పట్టాలున్న సిటీ అయితే వాటిని అడ్డంగా, దాదాపు తొంభై డిగ్రీల్లో దాటాలి. ఏటవాలుగా పోతే టైరు గాడిలో దిగబడి మనిషి ఎగిరి పడతాడు. తడిసిన ఇనుము ఇంకా ఘోరం, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద తెల్లగీతలు కూడా అంతే, వాటి మీద బ్రేకు పట్టకండి, హ్యాండిల్ తిప్పకండి. వానలో రిమ్ము బ్రేకు పట్టడానికి టైము పడుతుంది, ముందు తడి తుడుచుకున్నాకే పట్టు దొరుకుతుంది, అందుకే దూరం నుంచే మెల్లగా నొక్కుతూ రండి. ముందు బ్రేకుకే అసలు బలం ఉంటుంది, దాన్ని చూసి భయపడి వెనకది ఒక్కటే వాడేవాళ్ళు ఎమర్జెన్సీలో ఆగలేరు, ఖాళీ రోడ్డు మీద రెండూ కలిపి ప్రాక్టీస్ చెయ్యండి, బరువు కాస్త వెనక్కి వేసుకుని.

లైట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ముందు తెలుపు, వెనక ఎరుపు. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలోనే సైకిల్‌కి బ్రేకు, బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్, లైట్లు ఉండాలని ఉంది. ముందు లైటుని నేల వైపు కొంచెం వంచండి, ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకండి. చెవుల్లో పాటలు మాత్రం వద్దు, వెనకాల వచ్చేది ఆటోనా లారీనా అని చెవే చెప్తుంది మనకి.

7. ఆపాల్సి వచ్చినప్పుడు, తిరుగు ప్రయాణం

తాళం ఫ్రేముకీ వెనక చక్రానికీ కలిపి, నేలలో పాతిన దానికి వెయ్యండి. ముందు చక్రానికి ఒక్కదానికే తాళం వేస్తే తిరిగొచ్చేసరికి ముందు చక్రం ఒక్కటే ఉంటుంది. రోజూ అదే సిటీకి వెళ్ళేవాళ్ళయితే సైకిల్‌ని రైల్లో మోసుకెళ్ళడం మానేసి, దిగే స్టేషన్ దగ్గర ఒక పాత సైకిల్ పెట్టుకోవడం తెలివైన పని, డచ్చివాళ్ళు చేసేది అదే. అక్కడి ఉట్రెక్ట్ సిటీ స్టేషన్ కింద 2019లో పూర్తయిన స్టాండులో 12,500 సైకిళ్ళు పడతాయి. వారానికి రెండుమూడుసార్లే అయితే మడత సైకిల్ నయం, బ్రాంప్టన్ లాంటివి 16 అంగుళాల చక్రాలతో సూట్‌కేసంత అయిపోతాయి, గుంతల రోడ్డు మీద మాత్రం ఆ చిన్న చక్రాలు ఒళ్ళు హూనం చేస్తాయి.

తిరుగు రైలుకి సైకిల్ చోటు వెళ్ళేటప్పుడే బుక్ చేసేసుకోండి. స్టేషన్‌కి ఎంత టైము పడుతుందని ఫోన్ చెప్పిందో దానికి ఇంకో అరగంట కలపండి, పంక్చర్ పడితే ట్యూబు మార్చుకోడానికి అది చాలు. బ్యాగులో స్పేర్ ట్యూబు, రెండు టైరు లివర్లు, చిన్న పంపు, అలెన్ కీలు, ఆ 15 నంబర్ పానా, ఒక పాత గుడ్డ. పానా ఇంట్లో మర్చిపోయి పెడళ్ళు చేత్తో బిగించుకుని తొక్కిన రోజు ఒకటుంది నాకు, ఎడమ పెడల్ సగం దారిలోనే ఊడి చేతికొచ్చింది.